బైబిలు పక్కన గొప్ప సాహిత్యం: ఎట్ల చదవాలి, ఏ వరుసలో చదవాలి, ఎక్కడ తప్పుతుంది

కడప, జమ్మలమడుగు, గుత్తి, నంద్యాల, కర్నూలు వైపు క్రైస్తవ సంఘాల్లో చదువు మీద ఆసక్తి ఉన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "బైబిలు ఉండగా కథలూ పద్యాలూ ఎందుకు? చదివితే విశ్వాసానికి పనికొచ్చేట్టు ఎట్ల చదవాలి?"

మొదటి ప్రశ్నకు బైబిలులోనే జవాబుంది. దావీదు రాజు తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త ఆజ్ఞలు చదివి వినిపించలేదు. ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. దావీదు కోపంతో తీర్పు చెప్పేశాక "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు (2 సమూయేలు 12). ఏథెన్సులో పౌలు "మీ కవీశ్వరులలో కొందరును చెప్పుచున్నారు" అంటూ గ్రీకు కవి మాటతోనే సువార్త చెప్పాడు (అపొస్తలుల కార్యములు 17:28). కాబట్టి ఈ వ్యాసమంతా రెండో ప్రశ్న గురించే.

పద్ధతి మొత్తం ఒక వరుస మీద నిలబడుతుంది: ముందు కథ, తర్వాత వాక్యం (అంటే బైబిలు భాగం), ఆ తర్వాత ఒక పని. నాతాను చేసిందీ ఈ వరుసలోనే. కథ ముగిసేదాకా ఆయన వేలు చూపించలేదు. చాలామందికి చదువు ఫలించకపోవడానికి కారణం ఈ వరుస తారుమారు కావడమే.

1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

బైబిలు చదివే వేళను పుస్తకానికి ఇవ్వొద్దు. ఉదయం బైబిలు, సాయంత్రం పుస్తకం అని విడివిడిగా పెట్టుకోండి. రెండింటికీ ఒకే అరగంట కేటాయిస్తే నెల తిరిగేసరికి ఏదో ఒకటి ఆగిపోతుంది, చాలా ఇళ్లలో ఆగేది బైబిలే.

రోజుకు 20 నుంచి 30 నిమిషాలు చాలు. వచనమైతే 8 నుంచి 10 పేజీలు, పద్యమైతే రెండు మూడు పద్యాలు. ఆదివారం కొత్త పేజీలు వద్దు, వారమంతా చదివినదాన్ని మళ్లీ చూసుకోవడానికి ఆ రోజు ఉంచండి.

కాలం కూడా చూసుకోవాలి. సేద్యం చేసే ఇళ్లలో వానలు పడి వేరుశనగ విత్తే జూన్, జూలైలోనూ, కాయ పీకే రోజుల్లోనూ పెద్ద నవల మొదలుపెడితే సగంలో వదిలేయడం ఖాయం. ఆ రోజులకు వేమన పద్యాలు సరిపోతాయి. పెద్ద పుస్తకానికి ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాల నలభై రోజులు మంచివి. ఎండాకాలం మధ్యాహ్నపు చదువు నిలబడదు, తెల్లవారుజామునో, పొద్దుగూకాక మిద్దె మీదో పెట్టుకోండి.

చదివేచోట ఉండాల్సినవి:

- పుస్తకం, బైబిలు (వాడుకభాష అనువాదం చదివే అలవాటున్నా పాత అనువాదం కూడా దగ్గరుంచుకోండి)
- 100 పేజీల గీతల నోటుపుస్తకం
- పెన్సిలు (గ్రంథాలయం పుస్తకమైతే గీతలు పెట్టకుండా చిన్న కాగితపు చీటీలు)
- పాత్రల పేర్లు రాసుకోవడానికి అట్టముక్క
- వేరే గదిలో పెట్టిన ఫోను

2. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి

"అన్నిటికన్నా గొప్పది ఏది" అని వెతకొద్దు. రెండు వారాల్లో పూర్తయ్యేది ఎంచుకోండి. తొలిసారి చదివేవాళ్లకు ఈ వరుస బాగుంటుంది:

1. టాల్‌స్టాయ్ చిన్న కథలు. "మనిషికి ఎంత భూమి కావాలి" చిన్న చిన్న 9 భాగాల కథ. "ప్రేమ ఉన్నచోటే దేవుడుంటాడు" అనే చెప్పులు కుట్టే మార్టిన్ కథ దానికన్నా చిన్నది. ఒక్కో ముద్రణలో పేరు కొంచెం మారవచ్చు.
2. వేమన పద్యాలు.
3. జాషువ కావ్యం "గబ్బిలం".
4. బన్యన్ "యాత్రికుని ప్రయాణము", మొదటి భాగం.
5. టాల్‌స్టాయ్ "ఇవాన్ ఇల్యీచ్ మరణం", 12 అధ్యాయాలు.
6. విక్టర్ హ్యూగో నవల. తెలుగులో "బీదలపాట్లు"గా మన పాఠకులకు తెలిసినదే.
7. అగస్టీను "ఒప్పుకోలు". 13 భాగాల్లో మొదటి తొమ్మిదీ ఆయన జీవితం. తొలిసారి అక్కడ ఆపండి. తర్వాతి నాలుగూ జ్ఞాపకం, కాలం, సృష్టి గురించిన లోతైన ఆలోచన, వాటికి వేరే ఓపిక కావాలి.

రష్యన్ నవలాకారుడు దోస్తయేవ్‌స్కీని ఈ ఏడూ అయ్యాకే ముట్టుకోండి. "కరమజోవ్ సోదరులు"లోని మహా విచారణాధికారి అధ్యాయం ఒక్కటే చదివి విశ్వాసం గురించి వాదించేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఆ అధ్యాయానికి జవాబు తక్కిన నవల అంతా కలిసి ఇస్తుంది. విడిగా చదివితే ప్రశ్న మాత్రమే మిగులుతుంది.

అనువాదం మంచిదో కాదో చూడటం. పుస్తకాన్ని మూడుచోట్ల తెరిచి ఒక్కో పేరా గట్టిగా చదవండి. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతుంటే ఆ అనువాదం వద్దు. "సంక్షిప్త" అని అట్టమీద ఉంటే కూడా వద్దు, పిల్లలకోసమైతే తప్ప. కుదించేటప్పుడు ముందుగా పోయేవి పాత్ర మనసు మారే పేజీలే, మనకు కావలసినవీ అవే. రష్యన్ సాహిత్యానికి పాత మాస్కో ముద్రణలు దొరికితే వదలొద్దు. కడపకు చెందిన రాచమల్లు రామచంద్రారెడ్డి అక్కడి ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేశారు.

ఎక్కడ దొరుకుతాయి. మొదట మీ జిల్లా కేంద్ర గ్రంథాలయం, తర్వాత మండలంలోని శాఖా గ్రంథాలయం. కడపవాళ్లు ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి వెళ్లవచ్చు. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించిన బ్రౌను పేరుతో నడిచే గ్రంథాలయం అది.

3. మొదటి చదువు: వాక్యం జోలికి పోకుండా

కథను చివరిదాకా కథగానే చదవండి. బైబిలు మూసే ఉంచండి. "ఇది తప్పిపోయిన కుమారుడి ఉపమానమే కదా" అని రెండో పేజీలోనే అనిపిస్తుంది. ఆ ఆలోచనను పక్కన పెట్టండి. పిండి ఉడకకముందే గెలికితే సంగటి ఉండలు కట్టినట్టు, వాక్యాన్ని ముందే దించితే అటు కథా పాడవుతుంది, ఇటు వాక్యమూ మనకు ముందునుంచీ తెలిసిన అర్థం దగ్గరే ఆగిపోతుంది.

ఈ చదువులో చేయాల్సినవి రెండే. కొత్త పాత్ర రాగానే అట్టముక్క మీద పేరు, ఎవరికి ఏమవుతారు అన్నది రాయండి. రష్యన్ పుస్తకాల్లో ఒకే మనిషికి మూడు పేర్లుంటాయి: సొంతపేరు, తండ్రిపేరుతో కలిపి పిలిచేది, ముద్దుపేరు. మూడూ ఒకే గీతలో రాసుకుంటే సగం కష్టం తీరిపోతుంది. రెండోది, మనసుకు తగిలినచోట మార్జిన్‌లో చిన్న చుక్క. ఎందుకు తగిలిందో అప్పుడే రాయొద్దు.

పద్యమైతే గట్టిగా చదవడం తప్పనిసరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుతూ పెరిగినవాళ్లకు ఇది కష్టం కాదు. ఒక కీర్తనను ఒకసారి రాగం లేకుండా మెల్లగా చదివి చూడండి, పాడేటప్పుడు వినపడని మాటలు వినపడతాయి. అదే చెవితో జాషువను చదవండి.

4. రెండో చదువు: నాలుగు ప్రశ్నలు

చిన్న కథయితే మొత్తం, నవలయితే చుక్కలు పెట్టిన పేజీలు మాత్రం మళ్లీ చదివి, నోటుపుస్తకంలో వీటికి జవాబు రాయండి. ఒక్కోదానికి రెండు వాక్యాలు దాటొద్దు.

1. ఈ మనిషికి ఏం కావాలి?
2. ఏ చోట వెనక్కి తిరిగి ఉంటే బతికేవాడు?
3. నాకు ఎవరిమీద కోపం వచ్చింది?
4. ఏ పేజీని తొందరగా దాటేద్దామనిపించింది?

మూడు, నాలుగు ప్రశ్నలే అసలైనవి. కోపం వచ్చిన పాత్రలో మన గుణం ఏదో ఉంటుంది. దాటేద్దామనిపించిన పేజీ చాలాసార్లు మనం ప్రార్థనలో కూడా దాటేసే సంగతే.

5. ఇప్పుడు వాక్యం తెరవండి

కథకు ఒక్క భాగమే జత చేయండి. పది రిఫరెన్సులు రాసుకుంటే ఒక్కటీ లోపలికి దిగదు. ఆ ఒక్క భాగాన్ని ముందూ వెనకా కలిపి కనీసం పది వచనాలు చదవండి. తర్వాత నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండు చేసి ఒకవైపు "కలిసేది", ఇంకోవైపు "కలవనిది" అని రాయండి. రెండో వరుస ఖాళీగా ఉంటే మీరు సరిగా చదవలేదన్నమాట.

*పహోమ్, లూకా 12.* పహోమ్ "మనిషికి ఎంత భూమి కావాలి" కథలోని రైతు. ఒక్కరోజులో పొద్దుగూకేలోపు నడిచి చుట్టివచ్చినంత భూమి వెయ్యి రూబుళ్లకే ఇస్తామంటారు బష్కీర్లు అనే తెగవాళ్లు. మొదలుపెట్టిన చోటికి రాకపోతే డబ్బు పోయినట్టే. మలుపు తిరగాల్సిన ప్రతిచోటా ఇంకొంచెం మంచి నేల కనపడుతుంది. చివరికి పరుగెత్తి వచ్చి పడి చచ్చిపోతాడు. గుంతకు ఆరడుగులు సరిపోతుంది.

దీనికి అందరూ ధనవంతుడి ఉపమానం (16వ వచనం నుంచి) జత చేస్తారు. మీరు 13వ వచనం నుంచి మొదలుపెట్టండి. అక్కడ గుంపులోంచి ఒకడు, పిత్రార్జితంలో నాకు పాలు పంచిపెట్టమని మా అన్నదమ్ముడితో చెప్పు అని యేసును అడుగుతాడు. అంటే ఉపమానం పుట్టిందే ఆస్తి పంపకాల తగాదాలో. "ఒకని కలిమి విస్తరించుట వాని జీవమునకు మూలము కాదు" అన్న మాట ఆ అన్నదమ్ముల మధ్య పడింది. అనంతపురం జిల్లాలో పక్కవాడి బోరు పడిందని అప్పుచేసి మూడో బోరు, నాలుగో బోరు వేయించిన ఇళ్లలో ఈ రెండూ కలిపి చదివితే వివరించే పని ఉండదు. "కలవనిది" వరుసలో: ఉపమానంలోని ధనవంతుడి భూమి తనంతట బాగా పండింది, పహోమ్ వెంటపడి తిరిగాడు. ధనవంతుడితో దేవుడే మాట్లాడాడు, పహోమ్‌కు ఆ మాట వినపడలేదు.

*వేమన, మత్తయి 23.* "ఆత్మశుద్ధి లేని యాచార మదియేల, భాండశుద్ధి లేని పాకమేల" అన్న పద్యం పక్కన "మీరు గిన్నెయు పళ్లెమును వెలుపట శుద్ధిచేయుదురు" అన్న 25వ వచనం పెట్టండి. ఇద్దరూ గిన్నెనే చూపిస్తున్నారు. పద్యం మూడో పాదం శివపూజ గురించి. దాన్ని తుడిచేసి వేమనను క్రైస్తవుణ్ణి చేయొద్దు, అది ఆయన మాటకు అన్యాయం. తేడా ఎక్కడో రాయండి: శుద్ధి లేకపోతే పూజెందుకని వేమన అడుగుతాడు, ముందు లోపల శుద్ధి చెయ్యమని యేసు ఆజ్ఞాపిస్తాడు (26వ వచనం). ఆ శుద్ధి ఎవరివల్ల అన్నది సువార్త తక్కిన పేజీల్లో చెప్పే సంగతి.

*గబ్బిలం, యాకోబు 5.* "వాని రెక్కల కష్టంబు లేనినాడు సస్యరమ పండి పులకింప సంశయించు" అన్న పాదాలు చదివి, "మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అన్న యాకోబు 5:4 చదవండి. సంఘంలో కూలికి పోయేవాళ్లూ, కూలి ఇచ్చేవాళ్లూ పక్కపక్కనే కూర్చుంటారు. ఈ జతను గుంపులో చదివేటప్పుడు ముందుగా కూలిచేసేవాళ్లను మాట్లాడనివ్వండి. కులం సంగతి వస్తుంది, రానివ్వాలి. అది రాకుండా ఈ కావ్యాన్ని చదివించడం కుదరదు.

ఇంకో జాగ్రత్త. రచయిత విశ్వాసం మన విశ్వాసంతో ప్రతిచోటా కలవదు. టాల్‌స్టాయ్ అద్భుతాలను నమ్మలేదు, 1901లో రష్యన్ సంఘం ఆయన్ని వెలివేసింది. ఆయన కథలు పేదవాణ్ణి ఎట్ల చూడాలో నేర్పుతాయి. క్రీస్తు ఎవరో తెలుసుకోవడానికి మాత్రం సువార్తల దగ్గరికే వెళ్లాలి. "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" (1 థెస్సలొనీకయులకు 5:21) అన్న మాటలో రెండు పనులున్నాయి. చదవనే వద్దనేవాళ్లు రెండోదాన్ని, ఏది పడితే అది మెచ్చుకునేవాళ్లు మొదటిదాన్ని వదిలేస్తారు.

6. ఒక్క పని

వాక్యం తర్వాత ఒక పని రాసుకోకపోతే చదువు కాలక్షేపంగా మిగిలిపోతుంది. ఆ పనికి ఈ గుర్తులుండాలి:

- 7 రోజుల్లో అయ్యేది
- ఒక మనిషి పేరు ఉన్నది ("పేదలకు సాయం" అని రాస్తే లెక్కలోకి రాదు)
- ఖర్చు మీ చేతిలో ఉన్నంతలోనే
- సంఘంలో ప్రకటించనిది

పహోమ్ తర్వాత: ఇంకో ఎకరా, ఇంకో బోరు, ఇంకో ప్లాటు చూడటానికి పోకముందే, భార్యాభర్తలు కూర్చుని "ఇంతవరకు చాలు" అన్న అంకె కాగితం మీద రాయండి. చూసొచ్చాక రాస్తే ఆ అంకె పెరిగి ఉంటుంది. గబ్బిలం తర్వాత: ఎవరికైనా కూలి బాకీ ఉంటే ఆ వారంలోనే తీర్చండి.

"ఇవాన్ ఇల్యీచ్ మరణం" తర్వాత చేయాల్సింది రోగిని చూడటం. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సంఘాల్లో అందరం చేసే పనే, తప్పుగా చేస్తున్నాం. కథలో ఇవాన్‌ను అన్నిటికన్నా బాధపెట్టేది నొప్పి కాదు, చుట్టూ ఉన్నవాళ్ల అబద్ధం. చావుకు దగ్గరగా ఉన్నాడని తెలిసీ ఒట్టి జబ్బేనన్నట్టు అందరూ నటిస్తారు. పల్లెటూరి పనివాడు గెరాసిమ్ ఒక్కడే నటించడు. ఇవాన్ కాళ్లు తన భుజాలమీద పెట్టుకుని గంటలకొద్దీ కూర్చుంటాడు. "రోగినైయుంటిని, నన్ను చూడవచ్చితిరి" (మత్తయి 25:36) అన్నది దీని పక్కన చదివి, కర్నూలు పెద్దాసుపత్రికో, పక్కవీధిలో మంచానపడిన పెద్దమ్మ దగ్గరికో వెళ్లేటప్పుడు ఇవి పాటించండి:

1. ఇద్దరికన్నా ఎక్కువమంది వెళ్లొద్దు. పదిహేను నిమిషాలు చాలు, ఉండమంటేనే ఉండండి.
2. "నీకేం కాదు" అనొద్దు. "ఎట్లుంది పెద్దమ్మా?" అని అడిగి, చెప్పనివ్వండి.
3. "ఏదో పాపం ఉంటుంది, ఒప్పుకో" అనే మాట నోటికి రానివ్వొద్దు. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతసేపే మంచి స్నేహితులు.
4. చేతులతో చేసే పని ఒకటి చేయండి: నీళ్లు పట్టడం, దిండు సర్దడం, మందుల చీటీ పట్టుకుని పోవడం.
5. తోడున్నవాళ్లను "మీరు తిన్నారా?" అని అడగండి. వాళ్లను ఎవరూ అడగరు.
6. ప్రార్థన చిన్నగా, పక్క మంచంవాళ్లకు ఇబ్బంది లేనంత మెల్లగా. ముందు అనుమతి అడిగి.

7. గుంపుగా చదివేటప్పుడు

ఆరు నుంచి ఎనిమిదిమంది. పదిమంది దాటితే ఇద్దరే మాట్లాడతారు. మొత్తం 75 నిమిషాలు:

- గట్టిగా చదవడం, వంతులవారీగా: 25 నిమిషాలు
- మౌనం: 2 నిమిషాలు
- ఒకరు కథను మళ్లీ చెప్పడం: 5 నిమిషాలు
- 4వ అంశంలోని ప్రశ్నలు: 20 నిమిషాలు
- వాక్యం: 15 నిమిషాలు
- ఎవరి పని వాళ్లు రాసుకోవడం, ప్రార్థన: 8 నిమిషాలు

చదవడం రానివాళ్లుంటే వాళ్లచేతనే కథ మళ్లీ చెప్పించండి. విని గుర్తుపెట్టుకునే శక్తి వాళ్లకు ఎక్కువ, అక్షరం వచ్చినవాళ్లు వదిలేసిన సంగతులు వాళ్లు పట్టుకుంటారు. అయ్యగారు (పాస్టరు) వస్తే సంతోషమే, కానీ ఆయన చివర మాట్లాడేట్టు ముందే అడగండి: "అయ్యగారూ, మా తప్పులన్నీ అయ్యాక మీరు సరిదిద్దండి." మొదట ఆయన మాట్లాడితే తక్కినవాళ్లు ఆమేన్ తప్ప ఇంకేం అనరు.

"యాత్రికుని ప్రయాణము" శ్రమదినాలకు బాగా నప్పుతుంది. మొదటి భాగాన్ని నలభై ముక్కలు చేసుకోండి. యాత్రికుడి వీపుమీది మూట సిలువ దగ్గర జారిపడే చోటు పుస్తకంలో ముందే వస్తుంది. దారి కష్టాల్లో ఎక్కువ ఆ తర్వాతే. నడిచి నడిచి రక్షణ సంపాదించాడనుకునేవాళ్లకు ఆ వరుస చూపించండి.

సందేహ దుర్గం భాగానికి మాత్రం ఒక సాయంత్రం పూర్తిగా ఇవ్వండి. దారి రాళ్లుగా ఉందని మెత్తటి పక్కదారి పట్టి, యాత్రికుడూ అతని తోటివాడూ నిరాశ అనే రాక్షసుడి చెరలో పడతారు. మీరే ప్రాణం తీసుకోండని రాక్షసుడు సలహా ఇస్తాడు. యాత్రికుడు ఊగిసలాడిన ప్రతిసారీ తోటివాడు మాట్లాడి ఆపుతాడు. చివరికి వాగ్దానం అనే తాళపుచెవి మొదటినుంచీ తన రొమ్ముదగ్గరే ఉందని యాత్రికుడికి గుర్తొస్తుంది. అప్పులబాధ తెలిసిన మన ఊళ్లలో ఇది చదివేటప్పుడు ఎవరైనా మాటల్లో చావు ప్రస్తావన తెస్తే, వెంటనే వచనం చెప్పి ముగించొద్దు. విడిగా కూర్చుని సూటిగా అడగండి, ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు ఇంట్లో లేకుండా చూడండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీమానస్ నంబరు 14416కు పక్కన కూర్చుని ఫోన్ చేయించండి. కథలో తోటివాడు చేసింది ఇదే.

8. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దుకోవడం

*ప్రతి వస్తువుకూ గూఢార్థం వెతకడం.* బన్యన్ పేర్లలోనే అర్థం పెట్టాడు, అక్కడ సరే. హ్యూగోలో బిషప్పు ఇచ్చే వెండి దీపస్తంభాలు ముందు వెండి దీపస్తంభాలే. దొంగకు వాటిని ఎందుకిచ్చాడో అడగండి, అవి దేనికి సాదృశ్యమో అడగొద్దు.

*"ఈ పాత్ర అచ్చం మన ఫలానా అన్నే" అనడం.* గుంపు చెడిపోవడానికి ఇదొక్కటి చాలు. మొదటిరోజే నియమం పెట్టండి: పేరు చెప్పాలంటే సొంత పేరే.

*అరవై పేజీల తర్వాత ఆగిపోవడం.* పుస్తకాన్ని తిట్టొద్దు, మిమ్మల్నీ తిట్టుకోవద్దు. పేజీలు సగం చేయండి. రెండు వారాలైనా కదలకపోతే గ్రంథాలయానికి తిరిగి ఇచ్చి, జాబితాలో ముందున్న చిన్నది తీసుకోండి.

*సినిమా చూసి చదివామనుకోవడం.* సినిమాలో జరిగింది కనపడుతుంది, మనసులో జరిగింది చాలావరకు పోతుంది. చదివాక చూడండి.

*ప్రసంగానికి ఉదాహరణలు ఏరుకోవడం.* ప్రసంగీకులకు వచ్చే జబ్బు. పుస్తకం ముగిసిన నెలరోజుల వరకు దాన్ని ప్రసంగంలో వాడొద్దు.

*గ్రాంథికం చూసి భయపడటం.* పాత బైబిలు అనువాదం చదవగలిగినవాళ్లు పాత వచనం చదవగలరు. అర్థంకాని మాటలు పేజీకి ఐదు దాటితేనే నిఘంటువు తీయండి, అంతకు తక్కువైతే ముందుకు పోండి.

9. పుస్తకం ముగిశాక

నోటుపుస్తకంలో చివరగా నాలుగు గీతలు: పుస్తకం పేరు, ముగించిన తేదీ, జత చేసిన వాక్యం, చేసిన పని. పని చేయకపోతే "చేయలేదు" అని రాసి కొత్త తేదీ పెట్టండి. అది తీరేదాకా కొత్త పుస్తకం తెరవొద్దు.

సొంత పుస్తకమైతే ఇంకొకరికి ఇవ్వండి, ఎవరికి ఎప్పుడిచ్చారో వెనక అట్టమీద రాసుకుని. తర్వాతి పుస్తకానికి ముందు వారం రోజులు ఖాళీ ఉంచండి. ఆ వారం సాయంత్రాల్లో, జత చేసిన బైబిలు పుస్తకాన్ని మొదటి అధ్యాయం నుంచి పూర్తిగా చదవండి. పహోమ్ చదివినవాళ్లు లూకా 24 అధ్యాయాలను రోజుకు మూడు నాలుగు చొప్పున చదివితే వారంలో అయిపోతుంది. గబ్బిలం చదివినవాళ్లకు యాకోబు ఐదే అధ్యాయాలు, రెండుసార్లు చదవచ్చు.